పెయింటు అంకెల శిల్పశాస్త్రం

కొల్లాపూర్‌లో ఉండి బొమ్మల మీద, శిల్పాల మీద పత్రికలకు రాస్తానంటే నమ్మేవాళ్లు తక్కువ. నమ్మినవాళ్లతో ఇంకో తంటా. "మా బిడ్డకు చీరల ఫంక్షన్ ఉంది, ఫ్లెక్సీ మంచిగ డిజైన్ జేసియ్యి" అని ఫొటోలు పట్టుకుని వస్తారు. జీతం లేదు, అక్రిడేషన్ కార్డు లేదు. మండల విలేకరికి లైన్ అకౌంటైనా ఉంటుంది, నాకు అదీ లేదు. రాసింది అచ్చయితే పారితోషికం, అది కూడా డెస్కులో ఎవరికో గుర్తుంటే. ఎండాకాలం మాత్రం హైదరాబాద్‌లో అందరికీ ఒక్కసారిగా గుర్తుకొస్తాను. "అన్నా, కొల్లాపూర్ మామిడి మీద ఒక ఐటమ్ కొట్టు. అట్లే ఒక పెట్టె పంపు" అంటారు.

డబ్బు రాకపోవడం గురించి ఇక్కడ ఏడవను. ఫ్రీలాన్స్ అని పేరు పెట్టుకున్నాక అది తెలిసి దిగిన గొయ్యి. తెలియకుండా, పైగా ఎంతో తెలిసినట్టు నటిస్తూ దిగిన గోతులు వేరే ఉన్నాయి. వాటి సంగతి చెప్తాను.

మొదట నాకు పట్టిన పిచ్చి సంజీవ్‌దేవ్. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో ఉండి ఆయన కళ మీద రాసిన వ్యాసాలు చదివి, పల్లెటూళ్లో కూర్చుని కూడా ఈ పని చేయొచ్చన్నమాట అనుకున్నాను. ఆయన హిమాలయాలు తిరిగాడు. కులూ లోయలో నికొలస్ రోరిక్ కుటుంబంతో గడిపి, ఆ బొమ్మలను ఎదురుగా నిలబడి చూశాడు. 'తెగిన జ్ఞాపకాలు' చదివినవాడికి ఆ తిరుగుడంతా తెలుస్తుంది. నేనూ చదివాను. కానీ అందులోంచి నేను తీసుకున్నది కూర్చోవడం ఒక్కటే. పేము కుర్చీ ఒకటి కొని కిటికీ పక్కన వేసుకున్నాను. ఊళ్లో ఎవరైనా వచ్చి "ఏం జేస్తున్నవ్ సారు?" అంటే "చూస్తున్నా" అనేవాణ్ణి. కిటికీలోంచి కనిపించేది పక్కింటి నీళ్ల ట్యాంకు.

హైదరాబాద్‌లో ప్రదర్శనలు జరిగేవి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలోనో, రవీంద్రభారతి ఆవరణలోనో. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు, రాత్రి ఆఖరు బస్సుకు తిరిగి రావచ్చు. కానీ చార్జీలు లెక్కేస్తే వచ్చే పారితోషికం కంటే ఎక్కువ. అందుకని తెలివైన ఉపాయం ఒకటి కనిపెట్టాను. బ్రోచర్ వాట్సాప్‌లో తెప్పించుకునేవాణ్ణి. అందులో ఎవరో ఇంగ్లీషులో రాసిన ముందుమాట ఉంటుంది, దాన్ని తెలుగు చేసేవాణ్ణి. అర్థం కాని చోట 'అస్తిత్వ వేదన' అని రాసేవాణ్ణి. చిత్రకారుడు తెలంగాణ వాడైతే 'మట్టి వాసన' తప్పనిసరి. తోట వైకుంఠం గీసిన పెద్ద బొట్టు ఆడవాళ్లకూ మట్టి వాసనే, లక్ష్మాగౌడ్ గీతల్లోని మేకలకూ మనుషులకూ మట్టి వాసనే. ఒకాయన కరీంనగర్ బూరుగుపల్లి, ఇంకొకాయన మెదక్ నిజాంపూర్. ఇద్దరూ బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఒకే చోట చదివిన ఇద్దరిలో ఒకరు ముదురు రంగుల్లోకి, మరొకరు సన్నటి గీతలోకి ఎందుకు పోయారన్నది రాయదగ్గ ప్రశ్న. అది నాకు తట్టలేదు. సిద్దిపేట వదలకుండా నకాషీ పద్ధతిలోంచి తన గీతను తెచ్చుకున్న కాపు రాజయ్యకూ, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చిన కొండపల్లి శేషగిరిరావుకూ కూడా అదే వాసన అంటగట్టాను. ఆ మాట మీద నాకు పేటెంటు ఉండాల్సింది.

ఈ ఉపాయం ఒకనాడు బెడిసింది. ఒక పెద్ద చిత్రకారుడి ప్రదర్శన మీద రాస్తూ, "గోడ నిండా పరుచుకున్న ఈ విశాలమైన కాన్వాసు ముందు ప్రేక్షకుడు చిన్నబోతాడు" అన్నాను. ఫోన్‌లో ఆ బొమ్మను రెండు వేళ్లతో సాగదీసి చూశాను మరి, పెద్దదిగానే కనిపించింది. ఆదివారం అచ్చయింది. సోమవారం ఆయనే ఫోన్ చేశాడు. కోపం లేదు, అదే బాధ. "బాబూ, అది ఎచింగు. జింకు రేకు మీద మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి తీసింది. నీ అరచేతికంటే కాస్త పెద్దగా ఉంటుంది. గోడంత రేకు నా ప్రెస్సులో పట్టదు" అన్నాడు. తర్వాత ఎప్పుడైనా వస్తే చూపిస్తానన్నాడు. నేను వెళ్లలేదు. వెళ్లి ఉంటే బాగుపడేవాణ్ణేమో. సిగ్గుతో ఇంకొన్నాళ్లు హైదరాబాద్ మీద రాయడమే మానేసి, అంతకంటే దూరం పోయాను. ఈజిప్టుకు. కుర్చీలోంచే.

అబూ సింబెల్ మీద వ్యాసం రాశాను. నైలు నది మీద ఆస్వాన్ హై డ్యామ్ కడుతుంటే ముంపులోకి వచ్చిన గుళ్లు. యునెస్కో ముందుపడి, 1964 నుంచి 1968 వరకు కొండను కోసి, వెయ్యికి పైగా ముక్కలు చేసి, దాదాపు 65 మీటర్ల ఎత్తుకు, 200 మీటర్లు వెనక్కు తరలించిన కథ. మంచి వ్యాసమే, ఇప్పటికీ అంటాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "ప్రతి రాతికీ ఒక సంఖ్య వేశారు, ఆ సంఖ్యే దాని చిరునామా." ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం పెట్టుకోలేదు.

ఎందుకంటే నేను ఆ వ్యాసం రాస్తున్న కొల్లాపూర్ చుట్టూ అలా తరలివచ్చిన గుళ్లే ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1980ల మొదట్లో కృష్ణ నీళ్లు వెనక్కి ఎగదన్నేసరికి ఒడ్డున ఉన్న ఊళ్లు మునిగాయి. సోమశిల గుళ్లు గట్టెక్కాయి, జటప్రోలు మదనగోపాలస్వామి గట్టెక్కాడు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురం చేరాడు. మంచాలకట్ట దగ్గర జటప్రోలు ప్రభువులు కట్టించిన మాధవస్వామి గుడిని రాయి రాయి విప్పి మా కొల్లాపూర్‌కే తెచ్చి నిలబెట్టారు. నా కుర్చీలోంచి లేచి నడిస్తే టీ చల్లారేలోపు చేరేంత దూరం. ఈ తరలింపు సంగతి నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి అందరిలాగే విన్నదే. విన్నది ఒక గదిలో, రాసేది ఇంకో గదిలో పెట్టుకుని, మధ్య తలుపు వేసుకున్న మనిషిని నేను.

ఒక సాయంత్రం మాధవస్వామి గుడి మీద రాద్దామని వెళ్లాను. చూడటానికి కాదు, అప్పటికే తలలో శీర్షిక సిద్ధంగా ఉంది, దానికి కావలసిన సరుకు ఏరుకోవడానికి. గోడ చుట్టూ వరుసగా విష్ణుమూర్తులు, నాలుగు చేతులతో. లెక్కపెట్టాను, 24. అన్నీ ఒకేలా కనిపించాయి. సరిగ్గా ఆ వారమే ఆండీ వార్హోల్ గురించి చదివి ఉన్నాను. 1962లో లాస్ ఏంజెలెస్‌లో ఆయన 32 సూప్ డబ్బాల బొమ్మలు వరుసగా పెట్టడం, యంత్రయుగపు పునరావృతం వగైరా. ఇంకేం కావాలి? "ఒకే మూర్తిని 24 సార్లు చెక్కిన ఈ అజ్ఞాత శిల్పి, పునరావృతం అనే ఆధునిక భావనను వార్హోల్ కంటే శతాబ్దాల ముందే అందుకున్నాడు. శిల్పికి విసుగు రాలేదా? వచ్చింది. ఆ విసుగే ఇక్కడ కళ" అని రాశాను. ఆ చివరి రెండు ముక్కలూ రాసి లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను కూడా.

అంతటితో ఆగినా పరువు సగం దక్కేది. గోడ ఉత్తరం పక్కకు వెళ్తే ఒక రాతి మీద వెలిసిపోయిన గుర్తులు కనిపించాయి. పైన మెరుపు తీగలాంటి గీత, పక్కన ఓంకారంలో సగం లాంటి వంకర, కింద ఒక నిలువు గీత, దాని పక్కన కొడవలి లాంటిది, ఆ కొడవలికి నడుము మీద అడ్డంగా చిన్న కోత. పాత కట్టడాల మీద పనివాళ్లు తమ గుర్తులు చెక్కుకోవడం నిజమే, ప్రపంచమంతా ఉంది. ఎక్కడో చదివిన ఆ ముక్కను ఇక్కడ అతికించాను. మెరుపు తీగ వజ్రాయుధమైంది. సగం ఓంకారం మంత్రబీజమైంది. కొడవలి మీది ఆ అడ్డకోత గురించి అయితే ఒక పేరా రాశాను. "ఆ చిన్న కోతలో ఒక చేతి అహంకారం ఉంది, సంతకం ఉంది" అన్నాను. గుర్తులు చెక్కినవి కావు, పూసినవి. చేత్తో తాకితే తెలిసేది. తాకలేదు. ఫొటో తీశాను.

ఆదివారం అనుబంధంలో రంగుల్లో వచ్చింది. శీర్షిక "మాధవుడి గోడపై మౌనలిపి". బైలైన్ పెద్దది. ఊళ్లో రెండు రోజులు నన్ను చూసి నవ్విన ప్రతి నవ్వునూ మెచ్చుకోలు ఖాతాలో వేసుకున్నాను.

మూడోనాడు మా హైస్కూలు తెలుగు సారు కబురు పంపారు. రిటైరై చాలాకాలమైంది, చూపు తగ్గింది, మనవరాలు చదివి వినిపించిందట. గుడి దగ్గరికే రమ్మన్నారు. వెళ్లేసరికి గోడకు చేయి ఆనించి నిలబడి ఉన్నారు.

"ఏంరా, శిల్పికి విసుగొచ్చిందంటివి?"

"అవి... ఒకే రకంగా ఉన్నయి గద సార్."

"మొకాలు జూసినవు. చేతులు జూసినవా?"

చూడలేదు. ఆయన నా చేయి పట్టి మొదటి మూర్తి ముందుకు తీసుకుపోయారు. "స్వామి కుడి అంటే నీ కుడి గాదు. అద్దంల లెక్క తిరగేసుకో. కింది కుడిచేయి నుంచి మొదలువెట్టు, పైకి పో, పక్కకు పో, కిందికి దిగు. ఏమేం ఉన్నయి?"

పద్మం, శంఖం, చక్రం, గద.

"కేశవుడు. పక్కనాయన?"

శంఖం, పద్మం, గద, చక్రం.

"నారాయణుడు. ఆ పక్కన?"

గద, చక్రం, శంఖం, పద్మం.

"మాధవుడు. గుడి ఎవరిదిరా?"

నేను మాట్లాడలేదు. ఆచమనం చేసే ప్రతి పిల్లవాడికీ నోటికి వచ్చే కేశవ నామాలు అవి. నాలుగు వస్తువులు, నాలుగు చేతులు. మొదటి చేతికి నాలుగు దారులు, రెండోదానికి మూడు, మూడోదానికి రెండు, ఆఖరుదానికి మిగిలింది. గుణిస్తే 24. ఒక్కటి కూడా ఇంకోదానిలా ఉండటానికి వీల్లేదు, ఉంటే లెక్క తప్పినట్టు. ఏ పేరుకు ఏ వరుస అన్నది గ్రంథాన్ని బట్టి అక్కడక్కడా మారుతుందిగానీ, పద్ధతి ఇదే. అంత కట్టుదిట్టమైన కూర్పును పట్టుకుని నేను విసుగు అన్నాను. ఇంటికొచ్చి వార్హోల్ గురించి మళ్లీ చూశాను, కనీసం అక్కడైనా నిలబడదామని. ఆ 32 డబ్బాలూ 32 రకాల సూపులట. ప్రతి లేబులు మీదా రుచి పేరు వేరట. అంటే ఖండాంతరాల అవతల ఉన్న ఆయన్నీ నేను సరిగ్గా చూడలేదు.

సారుకు మౌనలిపి సంగతి తెలియదు, మనవరాలు అక్కడి దాకా చదివేసరికి నిద్రపోయారట. దాని సంగతి తేల్చింది ఇంకొకాయన.

ఆయన మా బజారులో ఇళ్ల పునాదులకు రాయి కట్టే తాత. ఇప్పుడు చేతకాక టీ కొట్టు ముందు కూర్చుంటున్నాడు. పొట్లం కట్టిన పేపర్లో నా ఫొటో చూశాడట. అక్షరాలు రావుగానీ బొమ్మ గుర్తుపట్టాడు. "సారూ, మా రాయిని పేపర్ల ఏసినవంట" అన్నాడు. నేను మౌనలిపి గురించి చెప్పడం మొదలుపెట్టాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. తర్వాత అన్నాడు: "లిపి గాదు సారు, పెయింటు. డబ్బా నా చేతులనే ఉండె."

గుడి విప్పేటప్పుడు ఆయనకు మీసాలు సరిగ్గా రాలేదట. మంచాలకట్టలో కూలికి పోయాడు. ముందు ఆఫీసరు సార్లు గుడి మొత్తం కాగితం మీద గీసుకున్నారు. తర్వాత గోడగోడకూ ఇంగ్లీషు అక్షరం, వరుసకు ఒక అంకె, రాయికి ఒక అంకె. నా వజ్రాయుధం ఇంగ్లీషు ఎన్. ఉత్తరం గోడ. సగం ఓంకారం 3, మూడో వరుస. కింది నిలువు గీత, కొడవలి కలిపి 17. పదిహేడో రాయి. పైనుంచి విప్పుకుంటూ రావాలి, ఇక్కడికి తెచ్చాక కిందినుంచి పేర్చుకుంటూ పోవాలి. కాబట్టి ఆఖరున దిగిన రాయి ముందు కావాలి. "లారీ నుంచి దించేటప్పుడే ఆ హుషారుండాలె సారు. లేకుంటే అడుగు రాళ్లు కుప్ప కిందవడ్తయి, మల్ల అంతా ఎత్తి పోసుడే." కొన్ని రాళ్లు విప్పేటప్పుడు అంచులు చిట్లాయి. ఒకటి రెండు రాళ్లు ఎక్కడ కూర్చోవాలో తేలక పూటంతా గీసిన కాగితం ముందు తలలు పట్టుకున్నారు. అంకెలు బయటికి కనిపించే మొకం మీద వేయొద్దని పెద్ద సారు మొత్తుకునేవాడట. "పిల్లలం, మాకేం ఎరుక. జాగ ఏడుంటే ఆడ రాస్తుంటిమి."

ఆ రాయి దగ్గరికి ఇద్దరం పోయాం. ఆయన దాన్ని తాకి, "ఇది నేను రాసిందే" అన్నాడు. ఎట్లా చెప్తావంటే కిందికి వంగి మట్టిలో వేలితో 7 వేశాడు. నడుము మీద అడ్డంగా ఒక కోత పెట్టాడు. "ఒకటీ ఏడూ కలవకుండ గిట్ల గొట్టుమని సారు జెప్పె. అందరు మరిసిరి, నేను మరువలే. బడికి పోలే గద, అంకెలు ఆ పని కాడనే నేర్చిన."

నేను పేరాకు పేరా పొగిడిన సంతకం అది. ఆ ఒక్కచోట మాత్రం నేను రాసింది నిజమే, కాకపోతే కొన్ని వందల ఏండ్ల తేడాతో.

మాకు దగ్గర్లోనే అలంపురంలో గడియారం రామకృష్ణశర్మ ఉండేవాడు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అంత చిన్న ఊళ్లో జరిగాయి, కాళోజీ 'నా గొడవ' పుస్తకాన్ని శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. ఆ ఊరి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి. శర్మ ఆ రాళ్ల మీది శాసనాలు చదివాడు, ముంపు ముప్పు వచ్చినప్పుడు ఆ గుళ్ల కోసం పోరాడాడు. ఆయన పోయాక 2007లో ఆత్మకథ 'శతపత్రము'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన కూడా ఊళ్లోనే ఉండి రాసినవాడు. నాకు తుమ్మపూడి దాకా కనిపించింది, అలంపురం కనిపించలేదు. ఏం చూపో!

తప్పు సరిదిద్దుదామని సవరణ రాసి డెస్కులోని అన్నకు పంపాను. "సార్, ఎవరూ అడగలేదు కదా, మనమే ఎందుకు కెలుక్కోవడం?" అన్నారు. అప్పుడు తాత చెప్పినదంతా వేరే వ్యాసంగా రాశాను. విప్పడం, నంబర్లు, లారీలు, పేర్చడం, ఆ 7. జవాబు త్వరగానే వచ్చింది: "బాగుంది, కానీ ఇందులో ఆర్ట్ ఏది? లేబర్ పేజీకి ట్రై చేయండి." లేబర్ పేజీ అనేది ఆ పత్రికలో లేదు. ఆ అన్న మీద నాకు కోపం రాలేదు. ఇన్నేళ్లుగా ఆర్ట్ అంటే ఏమిటో నా వ్యాసాలతో ఆయనకు నేర్పింది నేనే కదా.

ఈలోగా మౌనలిపి తన బతుకు తాను బతుకుతోంది. ఎవరో భక్తుడు ఆ కటింగును లామినేషన్ చేయించి గుడి ముందర తగిలించాడు. తీయమని అడిగితే పూజారి గారు ఒప్పుకోలేదు, "మంచిగనే ఉంది గదా సార్, దేవుని ఫొటో గూడ ఉంది" అన్నారు. డిగ్రీ చదివే పిల్లవాడొకడు ప్రాజెక్టులో నా వజ్రాయుధ సిద్ధాంతాన్ని ఎత్తి రాసుకున్నాడు. పిలిచి అసలు సంగతి చెప్తే, "కానీ సార్, పేపర్ల మీరే గట్ల రాసిన్రు గదా, ఇప్పుడు మారిస్తే మార్కులు పోతయి" అన్నాడు. సోమశిలకు పోతూ దారిలో ఆగే టూరిస్టులకు ఒక ఆటో డ్రైవరు ఆ రాయి చూపించి, కింద నిధి ఉందని అర్థం అట అని చెప్తున్నాడు. నిధి నేను రాయలేదు. కానీ తలుపు తీసింది నేనే.

మొన్న టీ కొట్టు దగ్గర తాత అడిగాడు, "ఆ పేపర్ల రాసినందుకు పైసలిచ్చిన్రా సారు?"

ఇంకా రాలేదన్నాను.

కాసేపు ఆలోచించాడు. "తప్పు వడ్డ గోడకు మేస్త్రికి గూడ ఇయ్యరు" అని, రెండు టీలు చెప్పాడు.